విత్తనం వడ్లు దంచారన్న రాజు

అనగనగా అంటే ఎప్పుడని మాత్రం అడక్కండర్రా, నాకూ తెలీదు. ఒక ఊళ్ళో సూరమ్మ అనే ముసలమ్మ, ఆవిడ కోడలు పోలమ్మ ఉండేవారు. సూరమ్మ కొత్తగా కాపరానికొచ్చినప్పుడు, విత్తనం వడ్లు పట్టుకుపోడానికి రాజుగారి బంట్లు వచ్చారట. గాదె తెరవమన్నారట. గాదెకి అడ్డం అత్తలు, అత్తలకి అడ్డం కోడళ్ళు, కోడళ్ళ చేతుల్లో రోకళ్ళు! ఆ తోపులాటలో, అదే ఊరి కోడలైన సూరమ్మ అక్క చిట్టెమ్మ చచ్చిపోయింది. వడ్లు మాత్రం దక్కాయి. ఊఁ అంటున్నారా, నిద్రపోయారా?

ఆ రాజు పోయాడు, కొడుకొచ్చాడు. ఆ ఆడవాళ్ళు దొంగలని టముకు వేయించాడు. చిట్టెమ్మ పేరెత్తితే కొరడా. ఆ కొడుకూ పోయాడు, మనవడొచ్చాడు. కాదు కాదు, వాళ్ళు మహాతల్లులన్నాడు వీడు. మా తాతగారి సైన్యం ఆకలితో వస్తే విత్తనం వడ్లు కూడా దంచి అన్నం పెట్టారు, దంచి దంచి చిట్టెమ్మ ప్రాణం విడిచింది అన్నాడు. రోకలి పండగ పెట్టాడు. చిట్టెమ్మకి రాతిబొమ్మ చెక్కించాడు, చేతిలో అన్నం పళ్ళెంతో. ఎందుకంటారా? ఈ ఏటి విత్తనాలు కావాలి వాడికి, అప్పుడిచ్చారుగా ఇప్పుడూ ఇమ్మనడానికి!

పండగలో నిలబడి ఔనని చెప్పమన్నారు సూరమ్మని. చెప్తే ఊరికి విత్తనం ఉండదు, చెప్పకపోతే తనకి చెర.

"ఒసే పోలీ, దొంగలన్నప్పుడు ఏడ్చాను. ఇప్పుడు దండలేస్తున్నారు, ఏం చెయ్యాలే? నేను కొట్టానా, వండానా?" అంది పాపం.

"వండేవులే అత్తా, బంట్ల వీపుల మీద" అంది పోలమ్మ.

పండగనాడు సూరమ్మని పిలిచారు. పోలమ్మే కొంగు కప్పుకుని ముందుకొచ్చింది. "దొరా, విత్తనం దంచేశాక ఆ ఏడు మా వాళ్ళు ఏం చల్లారు? మరుసటేడు మీ కోటలో ఏం వండుకున్నారు?"

విత్తనం దంచే ఆడది ఏ ఊళ్ళో ఉంటుందర్రా? పస్తుంటారు గాని ముట్టరు. ముందు ఒకావిడ నవ్వింది, ఆ పక్కన ఇద్దరు, ఆ వెనక అందరూ, ఆఖరికి బంట్లూను. వాళ్ళూ రైతుబిడ్డలేగా.

రాజు మొహం కందగడ్డయింది. మంత్రి చెవిలో ఏదో ఊదాడు. రాజు లేచి, ఔనౌను, విత్తనం ముట్టొద్దని ఆజ్ఞ వేసిందే మా తాతగారు, ఆ ఆజ్ఞ కాపాడుతూనే చిట్టెమ్మ పోయింది, కనక నేనూ ముట్టను అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కొట్టకేం చేస్తారు, వడ్లు దక్కాయిగా!

సూరమ్మకి ఇంకా అయోమయమే. "మరి మా అక్క ఎవరికి అడ్డం పడినట్టే?"

"ముందు చల్లత్తా, నారుమడి ఆరిపోతోంది."

మొదటి గుప్పెడు అక్క పేరు చెప్పి చల్లింది సూరమ్మ. అలా చెయ్యమని ఏ రాజూ చెప్పలేదు.

ఊరంతా సుఖంగా ఉన్నారు. ఎవరు గెలిచారంటారా? నాకూ చిక్కేనర్రా. ఎవరేం చెప్పినా, ఆ ఏడు ఏం తిన్నారు, ఏం చల్లారు అని మాత్రం అడగండి. ఇంక కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లోకి.