రాజుగారి ఇనప గ్లౌజు

అనగనగా… ఊఁ కొట్టు బంగారూ, కొట్టకపోతే నేను చెప్పను. అనగనగా మన ఊళ్ళో కాదు, సముద్రాలు దాటి వెళ్తే ఇంగ్లండు అని ఓ చలిదేశం. అక్కడ ఎండ చుట్టపుచూపుగా వచ్చి, మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోతుంది. ఆ దేశాన్ని ఓ ముసలి రాజు ఏలేవాడు. ఆయనకి పిల్లల్లేరు. తమ్ముళ్ళిద్దరూ ఆయనకంటే ముందే పోయారు. పెద్ద తమ్ముడి కొడుకు రాల్ఫ్, చిన్న తమ్ముడి కొడుకు ఎడ్రిక్.

పాపం, ఎడ్రిక్‌కి తల్లి కూడా లేదు. రాల్ఫ్ వాళ్ళమ్మ హిల్డమ్మే వాణ్ణి పెంచింది. అంటే వాడికి పెద్దమ్మన్నమాట. రాజుగారి మరదలంటే ఏ పట్టుపరుపుల మీదో ఉండేదనుకుంటున్నావేమో, పేరు గొప్ప ఊరు దిబ్బ! గాలి ఈలలేసే పాత కోటలో ఉండేది. ఇద్దరు పిల్లలకీ కలిపి ఒక్కటే జత ఉన్ని గ్లౌజులు. కుడిచేతిది రాల్ఫ్‌కి తొడిగేది, ఎడమచేతిది ఎడ్రిక్‌కి తొడిగేది. మిగిలిన చేతులు ఒకళ్ళవొకళ్ళు పట్టుకోండర్రా, అవే వెచ్చబడతాయి అనేది. అలా చేతులు పట్టుకునే ఇద్దరూ మంచులో పరుగులు తీసేవారు.

పెద్దవాళ్ళయ్యారు. ముసలి రాజుకి జబ్బు చేసింది. నా తర్వాత ఎడ్రికే రాజు అని మంచంలోంచి చెప్పి కన్నుమూశాడు. అప్పటికి ఎడ్రిక్ ఊళ్ళో లేడు, రాజుగారి పని మీదే సముద్రం అవతలికి వెళ్ళాడు. ఇంకేముంది, రాల్ఫ్ గబగబా వెళ్ళి సింహాసనం ఎక్కి కూర్చున్నాడు. పెద్దింటివాణ్ణి నేనుండగా వాడెవడు అన్నాడు. దేశంలో అడుగుపెడితే తల తీయిస్తానని కబురు కూడా పంపాడు. సర్దార్లలో సగంమంది రాజుగారి మాటే మాటన్నారు, సగంమంది పెద్దవాడిదే హక్కన్నారు.

అప్పుడు ఎడ్రిక్ పడవలు కట్టించి బయల్దేరాడు. మొదట తుఫాను కొట్టింది, సగం పడవలు పోయాయి. ఆ తర్వాత ఒడ్డున కలుస్తామన్న సర్దార్లు మొహం చాటేశారు. ఇక మిగిలింది యుద్ధం. ఓ పెద్ద బురదనేల, ఇటు ఎడ్రిక్, అటు రాల్ఫ్. రాల్ఫ్‌కి ఇసకేస్తే రాలనంత సైన్యం! గుర్రాలకి కూడా ఇనప కవచాలే. ఎడ్రిక్ ఏం చేశాడో తెలుసా? గుర్రాలు దిగండి, ఇనపచొక్కాలు విప్పి పారేయండి అన్నాడు. వీడికి మతి పోయిందనుకున్నారు అందరూ.

రాల్ఫ్ సైన్యం హోరుమంటూ వచ్చింది. వచ్చినవి వచ్చినట్టే గుర్రాలు బరువుకి కడుపుదాకా దిగబడిపోయాయి. ఎడ్రిక్ మనుషులు ఇనపచొక్కాల్లేకుండా తేలిగ్గా చుట్టూ తిరిగి పట్టేసుకున్నారు. రాల్ఫ్ గొంతుదాకా కూరుకుపోయాడు. ఎడ్రికే బల్లెం కర్ర అందించి, వాణ్ణి బయటికి లాగాడు. అప్పటికప్పుడు ఎడ్రిక్ వైపు సర్దార్లు వాడికి సంకెళ్ళు వేసేశారు.

గెలిచాడు కదా, కథ అయిపోయిందనుకున్నావా? గెలవడం వేరు, నిలవడం వేరు తల్లీ. రాల్ఫ్ బతికుండగా నీ కుర్చీ కదులుతూనే ఉంటుంది, పట్టాభిషేకం విందవ్వగానే తల తీయించెయ్యి, పాముని కొట్టి వదిలేస్తే పగబడుతుంది అని సర్దార్లు పోరుపెట్టారు. ఎడ్రిక్ ఊఁ అనలేదు, ఉహూఁ అనలేదు. నెత్తిన కిరీటం పెడుతుంటే కూడా వాడికి సంతోషం లేదు. విందులో ఎంతెంత మాంసాలు వడ్డించినా ముద్ద దిగలేదు.

ఇప్పుడు అసలు సంగతి విను. మనవాళ్ళు తొడగొట్టి సవాలు చేసినట్టు, వాళ్ళు గ్లౌజు నేలకేసి కొడతారు. పట్టాభిషేకం విందులో రాజుగారి వీరుడు గుర్రం మీద వచ్చి, ఈయన రాజు కాదన్నవాళ్ళు ఇది తీసుకోండి అని ఇనప గ్లౌజు ముమ్మారు విసరాలి. తీసినవాడితో పోరాడి తీరాలి. ఆ పోరు తేలేదాకా రాజు రాజు కాడు.

మొదట గుమ్మం దగ్గర ఠంగుమని పడింది. ఎవరూ కదల్లేదు. ఆ తర్వాత హాలు మధ్య పడింది. ఎవరూ కదల్లేదు. మూడోసారి సింహాసనం కిందే పడింది. జనంలోంచి ఓ ముడతలుపడ్డ చెయ్యి వచ్చి ఆ గ్లౌజు తీసింది. ఎవరనుకున్నావ్? హిల్డమ్మ!

హాలంతా గొల్లుమంది. వీరుడికేమో తల కొట్టేసినట్టయింది, ముసలావిడ మీద కత్తి ఎలా దూస్తాడు? పోరాడకపోతే రాజ్యం తేలదాయె. ఎడ్రిక్ సింహాసనం దిగి వచ్చి ఆవిడ ఎదురుగా నిలబడ్డాడు.

"నీ కుర్చీతో నాకు పేచీ లేదురా," అంది హిల్డమ్మ. "నేను పెంచింది ఇద్దర్ని. ఒకడి తల మీద కిరీటం పెట్టి, ఒకడి తల తీస్తామంటే చూస్తూ ఊరుకోను. ముందు నాతో పోరాడు, ఆ తర్వాత నీ ఇష్టం."

ఎడ్రిక్‌కి కళ్ళనీళ్ళు తిరిగాయి. అన్నయ్యని తీసుకురండి, సంకెళ్ళు తీసేయండి అన్నాడు. సర్దార్లు వద్దు వద్దంటూ కత్తుల మీద చేతులేసి లేచారు. రాల్ఫ్ వచ్చాడు. ఎడ్రిక్ పెద్దమ్మ చేతిలోంచి గ్లౌజు తీసుకుని వాడి చేతిలో పెట్టాడు.

"అన్నయ్యా, నాతో పోరాడతానంటే ఇది ఉంచుకో, ఇక్కడే తేల్చుకుందాం. నేనే రాజునని ఒప్పుకుంటే, నా తరఫున నువ్వే విసురు."

అమ్మో! సర్దార్ల చేతులు ఇంకా కత్తుల మీదే ఉన్నాయి. రాల్ఫ్ గ్లౌజుని చూశాడు. వాళ్ళమ్మని చూశాడు. ఆ తర్వాత తమ్ముణ్ణి చూశాడు. నెమ్మదిగా కుడిచేతికి తొడుక్కున్నాడు. ఇంకేముంది, ఉంచేసుకున్నాడు అనుకున్నాడు ఎడ్రిక్.

అప్పుడు రాల్ఫ్ గిర్రున సర్దార్ల వైపు తిరిగి, ఆ గ్లౌజు ఊడదీసి ఈడ్చి నేలకేసి కొట్టాడు. రాతిబండలు అదిరిపోయాయి.

"మా తమ్ముడే రాజు. కాదన్నవాళ్ళు ముందు నాతో తలపడండి," అన్నాడు.

ఎవరొస్తారు? వాళ్ళు ఎవరి పేరు చెప్పి తగువు పెంచుదామనుకున్నారో, వాడే అటు నిలబడ్డాడాయె! ఒక్కొక్క సర్దారూ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అలా స్థిరపడింది ఎడ్రిక్ రాజ్యం. మళ్ళీ మాట తప్పాడా అని అడక్కు, రాల్ఫ్ బతికున్నన్నాళ్ళూ రాజుగారి వీరుడు వాడే, ఆ గ్లౌజు వాడి దగ్గరే ఉంది.

ఆ రోజు ఆ హాల్లోనే రాల్ఫ్ ఎడమచెయ్యి చాచాడు. ఎడ్రిక్ కుడిచేత్తో పట్టుకున్నాడు. మంచులో పట్టుకున్న చేతులే అవి.

కథేమో కంచికి,
గుర్రమేమో గుంజకి,
గ్లౌజేమో గూటికి,
అన్నదమ్ములింటికి,
నిద్దరేమో నీ కంటికి.