మాట మధ్యలో లాక్కునే మాంత్రికుడు

అనగనగా ఒక రాజు. ఊఁ కొడతారా? ఊఁ కొట్టండి చాలు. "తర్వాత ఏమైందో నాకు తెలుసు" అని మధ్యలో ఎవరైనా నోరు తెరిచారో, కథ చెప్పను, లేచి పోతాను.

ఆ రాజు పేరు సింహదత్తుడు. ముత్యాలరేవు ఆయన రాజ్యం. ఆయనకి ముగ్గురు పిల్లలు. పెద్దవాడు ఉదయకేతు, రెండోవాడు రణధీరుడు, మూడోది ఆడపిల్ల, హేమలేఖ. ఆ పిల్లకి పుట్టుకతోనే కుడిచెయ్యి బిగుసుకుని ఉండేది. మాట మెల్లగా వచ్చేది. నూతిలోంచి నీళ్ళు చేదుకున్నట్టు ఒక్కో మాటా చేదుకుని తెచ్చుకోవాలి. చేదుకోనిస్తేగా! నోట్లో మాట నోట్లో ఉండగానే పక్కవాళ్ళు పూర్తి చేసేసేవారు.

ముగ్గురూ సముద్రం ఒడ్డున గురుకులంలో చదువుకున్నారు. చదువు ముగియగానే గురువమ్మ అరుంధతమ్మ వాళ్ళని వెంటబెట్టుకుని కోటకి వచ్చింది. రాజుగారు పొంగిపోయారు.

"పెద్దవాడా, నీకేం కావాలి?"

"సైన్యం నాన్నగారూ."

"తీసుకో! రెండోవాడా, మరి నీకు?"

"ధాన్యాగారాలు నాన్నగారూ."

"తీసుకో! మరి నీకేం కావాలి బంగారుతల్లీ?"

"నాన్నగారూ... నాకు... ఒక..."

"ఊయలేగా! వేయించండర్రా, పగడాల ఊయల!" అనేశారు రాజుగారు.

ఆ పిల్ల అడగబోయింది ఊయల కాదు, ఓడరేవు. గాలివాటం చూసి ఏ ఓడ ఎప్పుడొస్తుందో చెప్పగలదు. ఏ నావని ఎక్కడ కట్టాలో తెలుసు. పెళ్ళీడు పిల్లకి ఊయలేమిటి, నా మొహం! రాజుగారికి కూతురంటే ప్రాణమే. ప్రేమ ఉంది గానీ ఓపిక లేదు.

"మహారాజా, అమ్మాయి మాట ఇంకా అవలేదు" అంది గురువమ్మ. రాజుగారు అప్పటికే లేచి వెళ్ళిపోయారు.

హేమలేఖ ఊయల్లో కూర్చుని ఏడ్చింది. గురువమ్మ పక్కనే కూర్చుని, "కోపం వస్తే తెచ్చుకో తల్లీ. మాట మాత్రం మింగకు. ఎవరు లాక్కున్నా మళ్ళీ మొదలుపెట్టు" అంది.

అలా ఉండగా రేవుకి ఓడలు రావడం మానేశాయి. ఏడు సముద్రాల అవతల తొందరభైరవుడనే మాంత్రికుడు చేరాడు. దారిన పోయే ఓడని ఆపి, "మీకేం కావాలి?" అంటాడు. ఎదుటివాడు సగం చెప్పేసరికి మిగతా సగం వాడే చెప్పేస్తాడు. వాడు చెప్పింది నిజమైందా, ఎదుటివాడు చిలుకైపోయి పంజరంలో పడతాడు. ఉదయకేతు వెళ్ళాడు, చిలుకైపోయాడు. రణధీరుడు వెళ్ళాడు, వాడూ చిలుకైపోయాడు. రాజుగారు మంచం పట్టారు.

"నేను... వెళ్తాను" అంది హేమలేఖ.

కోటలో అందరూ "అయ్యో, నీవల్ల ఎక్కడవుతుంది తల్లీ" అన్నారు. గురువమ్మ మాత్రం, "వెళ్ళు. రేవు దాకా నేనొస్తాను. అక్కణ్ణించి నీ దారి నీది" అంది.

రేవులో ఒక ముసలి తాబేలు ఎండ కాగుతోంది. హేమలేఖ దానికి తన సంగతంతా చెప్పింది. చెప్పేసరికి పొద్దు వాలింది. తాబేలు కళ్ళు మూసుకుని విని, "అయిందా తల్లీ, ఇంకా ఉందా?" అంది. గురువమ్మ తప్ప ఆ ప్రశ్న ఆమెని ఎవరూ అడిగి ఎరగరు. హేమలేఖకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఎక్కు నా వీపు మీద. నాకూ తొందర లేదు" అంది తాబేలు. వెళ్తూ వెళ్తూ గుట్టు విప్పింది. "వాడి ప్రాణం పచ్చపంజరంలో ఉన్న తెల్లచిలుకలో ఉంది. పంజరానికి మూడు గొళ్ళాలు. వాడు ఒకసారి తప్పు చెబితే ఒక గొళ్ళెం ఊడుతుంది. ఇంతవరకూ ఒక్కటీ ఊడలేదు."

ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, ఏడూ దాటారు. మాంత్రికుడు ఆ బిగిసిన చెయ్యి చూసి పకపకా నవ్వాడు. "ఏం పిల్లా, నీకేం కావాలి?"

"నేను... ఇంత దూరం... వచ్చింది..."

"ఆ చెయ్యి బాగుచేయించుకోవడానికి!"

"కాదు. మా అన్నల్ని... తీసుకెళ్ళడానికి."

టక్! ఒక గొళ్ళెం ఊడింది. మాంత్రికుడు ఉలిక్కిపడ్డాడు.

"నాకు... ఆకలేస్తే..."

"ఎవరో ఒకరు కలిపి నోట్లో పెట్టాలి!"

"కాదు. నేనే... వండుకుంటాను. చేపల పులుసు. ఉంటే... నీకూ పోస్తాను."

టక్! రెండోదీ ఊడింది. హారి నీ అసాధ్యం కూలా! ఇంట్లో వాళ్ళు ఏ తప్పు చేసేవారో వాడూ అదే తప్పు చేస్తున్నాడు. ఇక నోరు మెదపకూడదని గట్టిగా అనుకుని, రెండు పెదాలూ బిగించి కూర్చున్నాడు.

"నేను... ఇంటికెళ్ళి... మా నాన్నగారితో..."

హేమలేఖ కావాలని ఆలస్యం చేయలేదు. ఆమె మాటే అంత. మాంత్రికుడు మోకాళ్ళు పట్టుకున్నాడు. మీసం అదిరింది. చెమటలు కారాయి. ఇంకాస్త ఆగితే గండం గడిచేది. ఆగితే వాడు తొందరభైరవుడెలా అవుతాడు?

"ఇక నావల్ల కాదు, హాయిగా ఇంట్లో కూర్చుంటానని చెప్తావు!" అని అరిచేశాడు.

"కాదు. రేవు... నాకిమ్మంటాను."

టక్! తెల్లచిలుక ఎగిరొచ్చి ఆమె ఎడమచేతి మీద వాలింది. మాంత్రికుడు కాళ్ళ మీద పడ్డాడు. "అమ్మా, చంపకు! నేను... నేను..." అంటూ వాడికీ మాట తడబడింది. హేమలేఖ ఆగింది. వాడు పూర్తి చేసేదాకా ఆగింది.

"నాకు వినడం చేతకాదమ్మా" అన్నాడు చివరికి.

"అందర్నీ... వదిలెయ్. నాతో రా. రేవులో... పని ఉంది."

పంజరాల్లోని చిలుకలన్నీ మనుషులైపోయాయి. అన్నలతో సహా అందరూ అక్కడ ఆగిపోయిన తమ ఓడలెక్కి బయల్దేరారు. వాళ్ళలో మణిధరుడనే రాకుమారుడు ఉన్నాడు. ఓడ నడపడంలో దిట్ట. తిరుగు దారిలో చుక్కాని పట్టుకుని, "ఎటు తిప్పమంటారు?" అని ఆమెని అడిగి, జవాబు వచ్చేదాకా కదలకుండా నిలబడ్డాడు. ఈలోగా పెద్ద కెరటం వచ్చి ఇద్దర్నీ నిలువునా తడిపింది. అయినా అతను నోరు తెరవలేదు. హేమలేఖ మనసు అక్కడే పడిపోయింది.

కోటకి రాగానే రాజుగారు మంచం దిగి పరుగెత్తుకొచ్చారు. "తల్లీ! ఏం కావాలన్నా అడుగు!"

"నాన్నగారూ... నాకు..."

రాజుగారి నోరు తెరుచుకుంది. గురువమ్మ దగ్గింది. రాజుగారు రెండు చేతులతో తన నోరు తానే మూసుకున్నారు.

"ఓడరేవు... కావాలి. నేను... చూసుకుంటాను."

"ఆ రోజు అడగబోయిందీ ఇదేనా?"

"ఊఁ."

రాజుగారు కండువాతో కళ్ళు తుడుచుకున్నారు. "రేవు నీదే తల్లీ. ఇలా నేను వినకుండా పోగొట్టుకున్న మాటలు ఇంకెన్ని ఉన్నాయి?"

హేమలేఖ నవ్వింది. "చాలా... ఉన్నాయి నాన్నగారూ. కూర్చోండి."

ఆయన కూర్చున్నారు. దీపాలు పెట్టే వేళయినా లేవలేదు. మంత్రులొచ్చి నిలబడితే చేత్తోనే పొమ్మన్నారు.

ఆ తర్వాత మంచి ముహూర్తాన హేమలేఖకీ మణిధరుడికీ పెళ్ళయింది. వచ్చిన ఓడల పేర్లు గడగడా కేకేసే కొలువు తొందరభైరవుడికి దొరికింది. హేమలేఖ ముందు రేవునీ, తర్వాత రాజ్యాన్నీ తల నెరిసేదాకా చల్లగా ఏలింది. వాళ్ళ ఓడలు వాళ్ళ రేవుకి, మనం మన పక్కల మీదికి.