మసితో రాసిన పేరు

ఓబులమ్మకు ఒకటే బాధ. పచ్చబొట్టు పొడిపించుకుందామని వచ్చినవాళ్ళలో సగం మందిని, తనకు పని నేర్పిన సుంకులవ్వ ఊరికే వెనక్కి పంపేసేది.

తుంగభద్ర ఒడ్డున, పాత వంతెన కింద, ప్రతి శుక్రవారం సంతనాడు వాళ్ళిద్దరూ చాప పరుచుకుని కూర్చునేవాళ్ళు. నీటి మీది వెలుగు వంతెన అడుగున అలలు అలలుగా ఆడుతుండేది. పక్కనే గిన్నెలో సూదులు ఉడుకుతుండేవి. ఎవరొచ్చినా అవ్వ అడిగేవి అవే మాటలు. జ్వరముందా? కడుపుతో ఉన్నావా? దెబ్బ తగిలితే ఎన్నాళ్ళకు మానుతుంది?

ఆరేళ్ళు నేర్చిన ఓబులమ్మ చెయ్యి ఎంత తేలికంటే, పొడిపించుకుంటూనే కునుకు తీసినవాళ్ళున్నారు. ఇంత పనితనం ఉండగా ఈ ఆరాలెందుకని ఆమెకు లోలోపల విసుగు.

ఒకనాటి పొద్దున, నది మీద మంచు ఇంకా విడవలేదు. అందులోంచి ఒకామె కాలీడ్చుకుంటూ వచ్చింది. పేరు గంగరత్నం. కూర్చుని ముంజేయి చాపింది.

"నీలవేణి అని రాయండి. నా కూతురు. పోయి ఏడాదయింది. మొన్న నిద్ర లేచి చూస్తే దాని గొంతు ఎట్లుండేదో గుర్తు రాలేదు."

ఓబులమ్మ సూదులు అందుకుంది. అవ్వ చూపు గంగరత్నం కాలి కట్టు మీద ఆగింది.

"ఏమైంది తల్లీ?"

"చెప్పు కరిచింది అవ్వా. నాలుగు నెలలైంది. షుగరుంది, మానడం లేదు."

"మనం పొడిచేది చేతికి కదా," అంది ఓబులమ్మ. "సూదులు ఉడికినాయి. నా చేతిలో నొప్పే తెలీదు."

అవ్వ కాచి చల్లార్చిన నీళ్ళ చెంబు ఓబులమ్మ ముందుకు జరిపింది.

"ఆ కట్టు విప్పి కడుగు."

ఓబులమ్మ విప్పింది. మొదట శనగగింజంత ఉండి ఉంటుంది. ఇప్పుడు సగం పాదం పుండే. అంచులు నల్లబడ్డాయి. నీళ్ళు పోస్తున్నా గంగరత్నం ఉలిక్కిపడలేదు. నది వైపు చూస్తూ, కూతురు జడ వేయించుకునేటప్పుడు ఎంత మారాం చేసేదో చెబుతూనే ఉంది.

"నొప్పి లేదా అక్కా?"

"ఏమీ తెలీదమ్మా."

సూది పొడిచిన చెయ్యీ ఇట్లాగే అయితే, అనుకుంది ఓబులమ్మ. శుభ్రమైన గుడ్డతో కట్టు కట్టి, సూదులు తీసి డబ్బాలో పెట్టేసింది.

అవ్వ దీపపు మసిని వేలికి అద్దుకుని, ఆ ముంజేతి మీద నాలుగక్షరాలు మెల్లగా రాసింది.

"ఇది చెరిగిపోతుంది కదా?" అంది గంగరత్నం.

"పోతుంది. మళ్ళీ వారం రా, మళ్ళీ రాస్తాం. ఈలోగా ఆసుపత్రికి పోయి కాలు చూపించుకో."

"పచ్చబొట్టయితే చచ్చేదాకా ఉంటుంది అవ్వా."

"అందుకే, తల్లీ. చెరిగితేనే కదా నువ్వు మళ్ళీ వచ్చేది."

గంగరత్నం చాలాసేపు చేతినే చూసుకుంది. తర్వాత లేచి, నిద్రపోతున్న బిడ్డను మోస్తున్నట్టు ఆ చేతిని పట్టుకుని మంచులోకి వెళ్ళిపోయింది.

పై శుక్రవారం తిరిగొచ్చింది. ముంజేతి మీద పేరు లేదు. కూర్చుంటూనే చెయ్యి చాపింది.

"చెయ్యి తర్వాత అక్కా," అంది ఓబులమ్మ. "ముందు కాలు చూపించు."

సుంకులవ్వ మసిగిన్నెను ఓబులమ్మ వైపు జరిపి, నది కేసి తిరిగి కూర్చుంది.