కంకులెందుకు చిక్కిపోయాయి?

అనగనగా ఒక అడవి అంచున ఎర్రమట్టి గుట్ట. ఆ గుట్ట మీద కుందేళ్ళు జొన్న పండించుకునేవి. నవ్వకండర్రా, కుందేళ్ళే! దున్నేవి, చల్లేవి, కోసేవి. కోతలవగానే పండుగ చేసేవి. బాగా బలిసిన కంకులన్నీ ఏరి, ఆ రోజే పేలాలు వేయించుకుని తినేసేవి. మిగిలింది గాదెలోకి పోయేది. చివరికి గాదె అడుగున దొరికిన గింజలే విత్తనాలు.

కానీ కంకులు ఏటికేడు చిక్కిపోతున్నాయి. ఈసారి కోతకొచ్చిన చేను చూసి సూరమ్మ అనే తల్లి కుందేలుకు దిగులు పట్టుకుంది. "ఇలాగైతే రేపు నా పిల్లలు ఏం తింటారు? అసలెందుకిలా అవుతోంది?" అనుకుంది.

ముందు వానపామును అడిగింది. "మామా, మట్టిలో సారం తగ్గిందా?"

"సారానికేం! నేనెంత ఒళ్ళు చేశానో చూడు" అన్నాడు వానపాము.

తర్వాత కప్పను అడిగింది. "అక్కా, వానలు తగ్గాయా?"

"తగ్గితే నా గొంతు ఇలా మోగుతుందా?" అంది కప్ప.

చివరికి పిచ్చుకను నిలదీసింది. "వదినా, పంటంతా నువ్వే తినేస్తున్నావా?"

పిచ్చుకకు కోపమొచ్చింది. "నేనా! మీ చేలో గట్టి గింజ దొరికితేగా! అసలు మీరేం చల్లుతున్నారో ఎప్పుడైనా చూసుకున్నారా?"

సూరమ్మ పరుగున వెళ్ళి విత్తనాల కుండలో చెయ్యి పెట్టింది. అడుగున నిరుటి గింజలు కాసిని ఉన్నాయి. అన్నీ పీలగా, ముడతలు పడి ఉన్నాయి.

"అయ్యో! గట్టివి మనం తిని, పీలవి నేలకు పెడుతున్నామా!"

పండుగ రోజు వచ్చింది. సూరమ్మ పెద్ద కంకుల బుట్టకు అడ్డంగా కూర్చుంది.

"వీరన్న తాతా, వీటిని తినొద్దు. విత్తనానికి దాద్దాం."

"పండుగ పూట పీల కంకులు తినాలా? మా తాతల నాటి నుంచి ఇదే పద్ధతి!" అని కసిరాడు గుట్టకు పెద్ద అయిన వీరన్న తాత.

"మీ తాతల నాడు కంకి ఎంతుండేది తాతా?"

తాత ఠీవిగా చెయ్యి చాపి మూర చూపించాడు. తర్వాత తన చేతిలోని కంకిని చూసుకున్నాడు. అది జానెడు కూడా లేదు. దాన్ని బుట్టలో పెట్టేశాడు.

ఆ ఏడు పండుగ చప్పగా సాగింది. పిల్లలు పేలాల కోసం ఏడ్చారు. వేసవిలో అందరూ దుంపలు తవ్వుకుని తిన్నారు. సూరమ్మ మాత్రం బూడిద, వేపాకు కలిపి ఆ విత్తనాలను కాపాడింది.

మరుసటి ఏడు కంకులు మూరెడు కాలేదు లెండి. జానెడు దాటాయంతే. కానీ గాదె నిండింది, పిల్లల కడుపూ నిండింది.

మళ్ళీ పండుగ వచ్చింది. వీరన్న తాత అన్నిటికన్నా పెద్ద కంకిని ఏరి, ఒకసారి వాసన చూసి, సూరమ్మ చేతికిచ్చాడు.

"నాకు నోరూరుతోందమ్మా, త్వరగా దాచెయ్. ఇది ఇంకా పుట్టని మనవలది."

నీతి: పంటలో మేలైనది ముందు విత్తనానికి దాచాలి, తర్వాతే తినాలి. అప్పుడే రేపటి పిల్లలకు తిండి ఉంటుంది.