ఎండలో వినని పెట్టె

శరభయ్యగారి మాట పడిపోయి ఐదు నెలలయింది. భావనారాయణకి ఇంకా అలవాటు కాలేదు.

శరభయ్యగారు నేత మనిషి. చీరాల దగ్గర ఒక నేతపేటలో యాభై ఏళ్ళు గుంటమగ్గంలో కూర్చుని చీరలు నేశారు. ఎవరైనా మనసు బాగాలేక వస్తే మగ్గం ఆపకుండానే రెండు మాటలు చెప్పేవారు. ఆ రెండు మాటల కోసం చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జనం వచ్చి మట్టినేల మీద కూర్చునేవాళ్ళు. ఆయన ఎవరికీ మంత్రం ఇవ్వలేదు, ఎవరి చేతికీ తోరం కట్టలేదు. అయినా అందరూ గురువుగారనే పిలిచేవాళ్ళు.

భావనారాయణ బాపట్లలో దర్జీ. పద్నాలుగేళ్ళుగా ప్రతి ఆదివారం పొద్దున బస్సెక్కి వచ్చేవాడు. మొదటి ఏడాదే ఒక టేపురికార్డరు తెచ్చి మగ్గం పక్కన పెట్టాడు. గురువుగారు వద్దనలేదు, ఊఁ అనలేదు. అలా పోగైన మాటలన్నీ ఇప్పుడు గోరంత మెమరీ కార్డులో ఉన్నాయి. మొత్తం మూడు వందల పదహారు రికార్డులు. గురువుగారు ఫలానా విషయం మీద ఏమన్నారని శిష్యుల్లో మాట పట్టింపు వస్తే భావనారాయణనే అడిగేవాళ్ళు. టేపు భావనారాయణ అని పేరు కూడా పడింది. ఆ పేరంటే అతనికి లోలోపల ఇష్టం.

శ్రావణంలో గురువుగారికి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, కుడికాలు, నోరు. కాలు కొంత తేరుకుంది. నోటి నుంచి మాత్రం ఊఁ, ఆఁ తప్ప ఏమీ రాలేదు. వచ్చే జనం తగ్గారు. భావనారాయణ మానలేదు. ఒక పాత సౌండు బాక్సు కొని, కార్డు దాంట్లో పెట్టి తీసుకొచ్చాడు.

"మీ మాట ఆగదు గురువుగారూ" అన్నాడు.

అప్పటి నుంచి ఆదివారం ఆదివారం ఒక రికార్డు పెట్టేవాడు. చేతులు కట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. ఆ గంటసేపూ మగ్గం చప్పుడు మధ్య ఆ గొంతు వినబడుతుంటే ఏమీ జరగనట్టే ఉండేది. తర్వాత కళ్ళు తెరిచేవాడు. ఎదురుగా నులకమంచం మీద మూతి ఒక పక్కకి లాగేసిన ముసలాయన.

గురువుగారి భార్య మాణిక్యమ్మగారికి మాత్రం ఆ ఊఁ, ఆఁ అన్నీ తెలిసేవి. ఆయన ఒక శబ్దం చేస్తే దిండు సర్దేది. అలాంటిదే ఇంకొకటి చేస్తే మజ్జిగ తెచ్చేది.

"మీకెలా అర్థమవుతుందమ్మా?" అని అతను ఒకసారి అడిగాడు.

"నాకేం తెలుసు నాయనా. వింటాను, అంతే" అందావిడ.

మార్గశిరంలో డాక్టరు పొద్దుటి ఎండలో కూర్చోబెట్టమన్నాడు. మంచం వసారాలోంచి వాకిట్లోకి వచ్చింది. బాక్సు కూడా మంచానికి ఎదురుగా అరుగు మీదికి వచ్చింది. సరిగ్గా అప్పటి నుంచే దాని రిమోట్ మొరాయించడం మొదలుపెట్టింది. బాక్సు మీద బటన్లు ఏనాడో లోపలికి పోయాయి. రిమోట్ తప్ప వేరే దారి లేదు. భావనారాయణ సెల్స్ మార్చాడు. రిపేరు షాపుకి తీసుకెళ్ళాడు. షాపులో మొదటి నొక్కుకే పలికింది.

"దీనికేం రోగం లేదండీ" అన్నాడు షాపతను.

ఇంటి దగ్గరా పలికింది. గురువుగారి వాకిట్లోకి వచ్చేసరికి మళ్ళీ మామూలే. ఒక్కోసారి ఇరవై సార్లు నొక్కితే ఒకసారి వినేది. ఒక్కోసారి అదీ లేదు.

పుష్యమాసంలో ఒక ఆదివారం భావనారాయణ ఒక నంబరు మనసులో పెట్టుకుని వచ్చాడు. రెండు వందల ఏడు. ఆ మూడు వందల పదహారులోనూ గురువుగారు అతని పేరు పెట్టి పిలిచింది ఆ ఒక్క దాంట్లోనే. వారం రోజులు వెతికి పట్టుకున్నాడు. ఇంట్లో పేరు దాకా వినకుండా ముందే ఆపేశాడు. ఆయన ముందే వినాలని అట్టేపెట్టుకున్నాడు. ఈ మధ్య ఒక భయం పట్టుకుంది అతనికి, ఆ గొంతు తనని ఎలా పిలిచేదో మర్చిపోతున్నానేమోనని. తను వాకిట్లో అడుగుపెట్టగానే గురువుగారు ఏదో ఒక శబ్దం చేస్తారు. అది తన పేరో కాదో కూడా తెలియదు.

పదిగంటల ఎండ వాకిలంతా పరుచుకుని ఉంది. రెండు, సున్నా, ఏడు నొక్కాడు. బాక్సు పలకలేదు. దగ్గరికెళ్ళి నొక్కాడు. రిమోట్‌ని అరచేతికేసి కొట్టి నొక్కాడు. సెల్స్ తీసి, చొక్కాకి తుడిచి, మళ్ళీ వేసి నొక్కాడు. చివరికి నేల మీద కూలబడ్డాడు.

"మీ మాట ఇక నాకు దక్కదా గురువుగారూ?"

శరభయ్యగారు ఏదో అన్నారు. గొంతులోంచి వచ్చిన చిన్న శబ్దం. భావనారాయణ మాణిక్యమ్మగారి వైపు చూశాడు. ఆవిడ వసారాలో రాట్నం మీద నూలు కండెలు చుడుతోంది.

"నన్నెందుకు చూస్తావు? నీతో గదా అన్నారు" అంది.

"నాకు తెలియటం లేదమ్మా."

ఆవిడ రాట్నం ఆపింది.

"నువ్వు వస్తావు. ఆ పెట్టె పెడతావు. కళ్ళు మూసుకుంటావు. నువ్వు కళ్ళు మూసుకున్నంతసేపూ ఆయన నిన్నే చూస్తుంటారు."

ఆ మాట అని మళ్ళీ రాట్నం తిప్పుకుంది.

ఈలోగా మంచం కిర్రుమంది. శరభయ్యగారు ఎడమచేత్తో కర్ర పట్టుకుని లేస్తున్నారు. అతను పట్టుకోబోతే కర్ర ఎత్తి వద్దన్నారు. కుడికాలు ఈడ్చుకుంటూ వెళ్ళి అరుగు మీద, బాక్సు పక్కనే కూర్చున్నారు. కర్ర గోడకి ఆనించారు. బాక్సు ముందు భాగంలో గింజంత నల్లటి అద్దం ఉంది, దానికి ఎండ తగలకుండా ఎడమచెయ్యి గొడుగులా పట్టారు. భావనారాయణ వైపు చూసి గడ్డం ఆడించారు.

అతను నొక్కాడు. పలికింది.

కిందటి ఆదివారం మాణిక్యమ్మగారు నూలుబుట్ట నెత్తిన పెట్టుకుని అటుగా వెళ్తుంటే ఆవిడ నీడ ఆ పెట్టె మీద పడింది. ఎంత నొక్కినా పలకని పెట్టె ఆ క్షణం పలికింది. మంచం మీదున్న ఆయనొక్కరే అది గమనించారు. రిమోట్ పంపేది కంటికి కనబడని చిన్న వెలుగు. ఎండలోనూ అలాంటి వెలుగే ఉంటుంది, బోలెడంత. అంతటి ఎండ ముఖాన పడుతుంటే పెట్టెకి ఆ చిన్న వెలుగు ఆనదు.

వాకిట్లో గురువుగారి గొంతు నిండింది. ఐదేళ్ళ కిందటి గొంతు. వెనక మగ్గం ఆడుతోంది.

"పోగు తెగిందనుకో. అది ఎక్కడుందని కళ్ళు చికిలించుకుని చూస్తావు. వేల పోగుల్లో ఏం కనబడుతుంది? మగ్గం ఆపు. వేలు పెట్టి తడుము. తెగిన కొస వేలికే తగులుతుంది..."

భావనారాయణకి కళ్ళు మూతలు పడబోయాయి. నెలల తరబడి అలవాటు. మాణిక్యమ్మగారి మాట గుర్తొచ్చి తెరిచాడు.

శరభయ్యగారు పెట్టె మీద నుంచి చెయ్యి తీసేశారు. అతన్నే చూస్తున్నారు. ఆయన పెదాలు కదులుతున్నాయి. ఏదో చెబుతున్నారు. పెట్టెలోని గొంతు ముందు ఆ గొంతు వినబడటం లేదు.

ఆ రికార్డులో తర్వాత ఏం వస్తుందో భావనారాయణకి తెలుసు. తెగిన పోగు ముడి వెయ్యడం గురించి ఇంకో నాలుగు మాటలు. తర్వాత ఒక దగ్గు. దగ్గు తర్వాత అతని పేరు.

పెదాలు ఇంకా కదులుతున్నాయి.

కూర్చున్నచోటు నుంచే రిమోట్ నొక్కాడు. పెట్టె ఆగలేదు. ఎండ మళ్ళీ దాని ముఖాన పడుతోంది. మళ్ళీ నొక్కాడు. ముడి గురించి చెప్పడం అయిపోయింది. భావనారాయణ లేచాడు. వాకిలి దాటి అరుగు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఆ నల్లటి గింజకి ఎండ తగలకుండా తన అరచెయ్యి అడ్డం పెట్టాడు. పెట్టెలో గురువుగారు దగ్గారు.

అతను నొక్కాడు. గొంతు ఆగిపోయింది.

వీధిలో మగ్గాల చప్పుడు వినబడుతోంది. మాణిక్యమ్మగారి రాట్నం ఆగింది.

శరభయ్యగారు మళ్ళీ అన్నారు. అర్థం కాలేదు. భావనారాయణ వసారా వైపు తిరగలేదు. ఇంకాస్త ముందుకి జరిగి ఆయన నోటి దగ్గర చెవి పెట్టాడు. ఆయన ఊపిరి వెచ్చగా తగిలింది. పెదవి చివర తడి ఉంటే తన కండువాతో తుడిచాడు.

"మళ్ళీ చెప్పండి గురువుగారూ."

"కూ..." అన్నారాయన. చాలాసేపు పట్టింది. "కూ... చో."

భావనారాయణ ఆయన పక్కన అరుగు మీద కూర్చున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు.

కాసేపటికి గురువుగారు ఇంకో మాట అన్నారు. అది అతనికి తెలియలేదు. ఏమన్నారని అడిగాడు.

ఆయన మళ్ళీ చెప్పారు.