రావులమ్మ చెప్పిన గాజు

అనగనగా అనేంత దూరం పోనక్కర్లేదు. ఫోనులో డాక్టరు కనబడితే జనం లేచి నిలబడి దండం పెట్టే రోజుల మాట ఇది. అప్పట్లో రావులమ్మ అని ఒక గాజులామె ఉండేది. భుజాన గాజుల మలారం వేసుకుని ఊరూరా తిరిగేది. ఆమె తొడిగితే ఏడ్చే పిల్ల కూడా నవ్వేది.

అలాంటి రావులమ్మకి కడుపులో మాయరోగం వచ్చింది. పెద్దాసుపత్రి వాళ్ళు చూసి, "ఇక తగ్గేది కాదు. ఇంటి దగ్గరే నొప్పి తెలీకుండా చూసుకుందాం. డాక్టరమ్మ ఫోనులో కనబడుతుంది, నర్సు మందులు తెస్తుంది" అని పంపేశారు. రావులమ్మ సంతోషపడింది. ఆమెకి మిగిలింది ఒక్కటే కోరిక. తన గడప లోపల, తన మంచం మీద, నలుగురు ఆడవాళ్ళ కబుర్లు వింటూ పోవాలి.

కానీ ఒక భయం పట్టుకుంది. నొప్పి ఉందని నోరు జారితే మళ్ళీ ఆసుపత్రికి మోసుకుపోతారని.

మొదటిసారి డాక్టరమ్మ ఫోనులో కనబడింది.

"అవ్వా, నొప్పెలా ఉంది?"

"బాగున్నాను తల్లీ. నువ్వు తిన్నావా?"

ఫోను పెట్టేయగానే దిండు కొరుక్కుంది.

రెండోసారి కనబడింది.

"నొప్పికి పదికి ఎంత వేస్తావవ్వా?"

"మార్కులెయ్యడానికి నేనేమన్నా పంతులమ్మనా? బాగున్నాను తల్లీ. నువ్వు తిన్నావా?"

ఫోను పట్టుకున్న కోడలు నీలవేణికి ఒళ్ళు మండింది. "ఆవిడ తిన్నదో లేదో నీకెందుకత్తా! పొద్దున్నుంచీ నొప్పికి మంచం పట్టె ఊడపీకేలా ఉన్నావు, అది చెప్పు!"

"నోర్ముయ్యవే. పరాయి పిల్ల ముందు అత్త పరువు తీస్తావా?"

మూడోసారి కనబడింది. ఈసారి డాక్టరమ్మ నొప్పి ఊసే ఎత్తలేదు. తన చెయ్యి ఫోను ముందు పెట్టింది.

"అవ్వా, నాకు గాజులు కావాలి. ఏ సైజు పడుతుందో చెప్పు."

రావులమ్మ మొహం వెలిగిపోయింది. "ముందా వాచీ తియ్. బొటనవేలు లోపలికి మడువు. ఇంకా మడువు. అబ్బో, మెత్తటి చెయ్యే! రెండుంపావు పడుద్ది."

"నొప్పెడుతుందా?"

"సరైనదైతే చీమ కుట్టినట్టుంటది. ఒక సైజు తక్కువైతే కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. పెళ్ళికూతుళ్ళు ఓర్చుకుంటార్లే, బిగువుగా ఉంటేనే అందం గదా."

"మరి ఇప్పుడు నీ కడుపులో ఉన్నది ఏ గాజవ్వా?"

గాజుల విషయంలో రావులమ్మ ఏనాడూ అబద్ధమాడలేదు. ఇప్పుడూ అబద్ధానికి నోరు రాలేదు.

"చంటిపిల్ల గాజు తల్లీ" అంది. "చంటిపిల్ల గాజుని నా చేతికి ఎక్కిస్తున్నట్టుంది."

నీలవేణి ఫోను అత్త మొహానికి ఇంకాస్త దగ్గరగా పెట్టింది.

"ఇక నన్ను తీసుకుపోతారా?" అనడిగింది రావులమ్మ.

"ఎందుకు తీసుకుపోతాం? నువ్వు చెప్తేనే కదా ఇంట్లో మందు సరిచేసేది! దాస్తేనే కష్టం."

ఆ పూటే నర్సు బండి మీద కొత్త మందు తెచ్చింది. ఎలా వెయ్యాలో డాక్టరమ్మ ఫోనులోంచే నీలవేణికి చూపించింది. మర్నాటికి నొప్పి పెళ్ళికూతురి గాజు అయింది. ఆ మర్నాటికి సరిపోయిన గాజు అయింది. ఆ తర్వాత, "వదులైపోయింది తల్లీ, జారి పడేలా ఉంది" అని నవ్వింది. చేపల పులుసు అడిగింది. మంచం చుట్టూ ఆడవాళ్ళు చేరితే, పడుకునే అందరికీ గాజులు తొడిగింది. నర్సుని కూడా వదల్లేదు.

ఒక మధ్యాహ్నం ఎవరి మొగుడి సంగతో చెప్పుకుని అందరూ పగలబడి నవ్వుతున్నారు. రావులమ్మ కూడా నవ్వి కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరవలేదు. తన గడప లోపల, తన మంచం మీద, నలుగురు ఆడవాళ్ళ కబుర్ల మధ్య.

ఇప్పటికీ ఆ చుట్టుపక్కల మంచాన ఉన్నవాళ్ళని ఫోనులో డాక్టర్లు పదికి ఎంతని అడగరు. "ఈ పూట ఏ గాజు?" అని అడుగుతారు. ఒక మీసాలాయన ఉండేవాడట, జన్మలో గాజు ముట్టని మనిషి. ఇంట్లో ఆడవాళ్ళు వినకుండా ఫోను దగ్గరికి లాక్కుని, "పెళ్ళికూతురి గాజండీ డాక్టరుగారూ. కాస్త వదులు చెయ్యండి" అన్నాడట.