మూత తొడుక్కున్న పీత

కాళ్ళు కడుక్కున్నావా? కడుక్కున్నానంటావే గానీ మడమలకి మట్టి అలాగే ఉంది. సర్లే, ఇటు జరుగు. నేను చెబుతుంటే ఊఁ కొడుతూ ఉండాలి. ఊఁ ఆగిందా, కథా ఆగిపోతుంది. తర్వాత నన్నేమీ అనకూడదు.

అనగనగా ఒక ఊళ్ళో ఒక అక్కా, ఒక తమ్ముడూ. ఊరి పేరు జంగారెడ్డిగూడెం. అక్క పేరు అలివేలు, తమ్ముడి పేరు శేషు. పొగాకు చేలూ పామాయిల్ తోటలూ తప్ప ఆ చుట్టుపక్కల సముద్రమన్న మాటే లేదు. పుట్టి బుద్ధెరిగాక ఇద్దరూ సముద్రం చూసింది లేదు.

వేసవి సెలవులొచ్చాయి. వాళ్ళ నాన్న స్నేహితుడు ఎర్రయ్య అని, అండమాన్ దీవుల్లో పడవ నడుపుతాడు. "పిల్లల్ని తీసుకుని రా, మా దీవి చూపిస్తాను" అని కబురు పెట్టాడు. ఇంకేముంది, పిల్లలిద్దరూ ఇల్లు పీకి పందిరేశారు.

అప్పుడేమైందీ, సరిగ్గా ప్రయాణం ముందురోజు శేషుకి ఆటలమ్మ పోసింది. ఒళ్ళంతా పొక్కులు. వాణ్ణి వేపాకుల మీద పడుకోబెట్టి అమ్మ దగ్గరుండిపోయింది. నాన్నా అలివేలే బయల్దేరారు. వాడి ఏడుపు చూడాలీ, నాకైతే ఇప్పుడు చెబుతుంటే కూడా కడుపు తరుక్కుపోతోంది.

"అక్కా, నాకు సముద్రం తెచ్చిపెట్టు" అన్నాడు వెక్కుతూ.

"తెస్తానురా" అంది అలివేలు. అనడమే కాదు, వాడి చేతిలో చెయ్యేసి ఒట్టు కూడా వేసింది. ఆరేళ్ళ పిల్లాడికి ఒట్టంటే మాటలా? అప్పటికి గానీ వాడు కళ్ళు తుడుచుకోలేదు.

ఆ తర్వాత విశాఖపట్నంలో ఓడెక్కారు. మూడు రోజులు నీళ్ళే నీళ్ళు. మధ్య మధ్యలో చేపలు గుంపుగా పైకి లేచి, గాల్లో ఎగిరి, దూరంగా వెళ్ళి నీళ్ళలో పడేవి. నవ్వుతావేమే? ఎగిరే చేపలుంటాయి, నిజంగానే!

దిగాక ఎర్రయ్య పడవలో దీవికి చేరారు. ఎర్రయ్య వాళ్ళమ్మ పేరు పోలమ్మ. వాళ్ళ పెద్దలెప్పుడో శ్రీకాకుళం నుంచి వెళ్ళి అక్కడే ఉండిపోయారు. పోలమ్మది మాట కటువు, మనసు వెన్న. అచ్చం నాలాగే అనుకో.

ఆ దీవి చుట్టూ నీళ్ళు నెమలి మెడ రంగులో ఉండేవి. పొద్దున్నే తాబేలు తల పైకెత్తి గాలి పీల్చుకుని మళ్ళీ మునిగేది. నీళ్ళు వెనక్కి తగ్గితే రాళ్ళ గుంటల్లో నీలం చేపలు, పసుప్పచ్చ చేపలు, ఐదు కాళ్ళ నక్షత్రాలు. అలివేలు వంగి వంగి చూసేది. ఎంత చూసినా దానికి లోపల ఒకటే దిగులు. ఇంత సముద్రాన్ని తమ్ముడికి ఎలా పట్టుకెళ్ళడం?

మొదటి రోజు సీసాలో నీళ్ళు పట్టింది. ఒడ్డుకి తెచ్చి చూస్తే ఏముందీ, నీలం లేదు, పచ్చ లేదు. మన కుళాయి నీళ్ళే. ఛీ అని పారబోసింది.

రెండో రోజు గుంటలోంచి ఒక నీలం చేపపిల్లని చెంబుతో పట్టింది. గడియసేపటికి అది పక్కకి ఒరిగిపోయి నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. అలివేలు భయపడిపోయి పరిగెత్తుకెళ్ళి దాన్ని మళ్ళీ గుంటలో వదిలేసింది.

మూడో రోజు పొద్దుటినుంచీ ఒడ్డంతా వెతికింది. ఒక్క గవ్వ లేదు, ఒక్క గుల్ల లేదు. మధ్యాహ్నానికి రెండు బండల సందులో ఒక శంఖం దొరికింది. అలివేలు పిడికిలి కంటే పెద్దది, లోపలంతా గులాబి రంగు. గబుక్కున చెవి దగ్గర పెట్టుకోబోయింది.

"ఏటి గుంటా, గుల్ల కనబడితే ఎత్తుకుపోడమేనా? ఇంట్లో ఎవులున్నారో అడగొద్దా?" అని కేకేసింది పోలమ్మ. వాళ్ళ వైపు ఆడపిల్లని గుంట అంటార్లే.

అప్పుడు అలివేలు శంఖం మీద మూడుసార్లు తట్టింది. "ఇంట్లో ఎవరండీ?" అంది. పలుకూ లేదు, కదలికా లేదు. ఖాళీ శంఖమే. చెవి దగ్గర పెట్టుకుంటే హోరుమని సముద్రం! అలివేలు ఎగిరి గంతేసింది. దొరికింది శేషుగాడి సముద్రం. తెల్లారితే తిరుగు ప్రయాణం, ఇంక దిగుల్లేదు.

ఆ సాయంత్రం ఒళ్ళో శంఖం పెట్టుకుని పోలమ్మ పక్కన ఇసకలో కూచుంది. అప్పుడు ఎదురుగా ఒక బుల్లి పీత వచ్చింది. చూస్తే దాని వెనక ఒక ఎర్ర పేస్టు మూత! పేస్టు మూత తొడుక్కుని టుకుటుకుమని నడుస్తోంది.

అలివేలు పడీ పడీ నవ్వింది. పోలమ్మ మాత్రం నవ్వలేదు.

ఎందుకో చెప్పనా? దాన్ని గుల్ల పీత అంటారు. దానికి ముందువైపు గట్టిగానే ఉంటుంది గానీ వెనకవైపు ఉత్త మెత్తన. దాచుకోడానికి దానికంటూ డొప్ప లేదు పాపం. అందుకని ఎప్పుడో చచ్చిపోయిన నత్త గుల్లలో దూరి కాపురం పెడుతుంది. ఒళ్ళు పెరిగినప్పుడల్లా ఇంకో గుల్ల వెతుక్కోవాలి. దొరక్కపోతే కాకి ముక్కున పడ్డమే.

"పడవలెక్కి ఒచ్చినోలందరూ గుల్లలన్నీ సంచులకెత్తుకెల్లిపోతే దానికేటి మిగుల్తాది? మీరు పారేసిన మూతలే మిగిలినాయి" అంది పోలమ్మ.

అలివేలు నవ్వు ఠక్కున ఆగిపోయింది. ఒళ్ళో శంఖం వైపు చూసింది. పీత వైపు చూసింది. మూత చాలక దాని ఒళ్ళు సగం బయటే ఉంది. బండ మీద కాకి కూడా అటే చూస్తోంది. ఇటు చూస్తే తమ్ముడికేసిన ఒట్టు. ఏం చేస్తుందే పిల్ల? గుండె రాయి చేసుకుని శంఖాన్ని పీత ముందు పెట్టింది.

పీత వచ్చి శంఖాన్ని తడిమింది. లోపలికి దూరింది. అంతలోనే బయటికొచ్చేసి మళ్ళీ మూతలోనే దూరింది. అంత పెద్ద శంఖం దానికేం సరిపోతుందీ? నువ్వు మీ తాతయ్య చొక్కా తొడుక్కున్నట్టుంటుంది.

నిజం చెప్పాలంటే, సరిపోనందుకు అలివేలుకి లోపల్లోపల సంతోషమే వేసింది. ఇంకేం, నా శంఖం నాదే అనుకుని చెయ్యి చాపింది.

పోలమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపేసింది. "ఒక్క తూరి కూకో" అంది.

కూచుంది. కాసేపటికి ఇంకో గుల్ల పీత వచ్చింది, ఉసిరికాయంత. దానికీ శంఖం పెద్దదే. కానీ వెళ్ళిపోలేదు, శంఖం పక్కనే ఆగింది. ఆ తర్వాత నిమ్మకాయంతది వచ్చి ఆగింది. ఆ తర్వాత రేగిపండంతది. ఒడ్డంతా అవే కదులుతున్నాయి. చివరికి ఏడు పీతలు, పెద్దదాని వెనక చిన్నది, దాని వెనక ఇంకా చిన్నది, రేషన్ షాపు ముందు మనలాగ వరసగా నిలబడ్డాయి. అందరికంటే వెనక మూతవాడు.

అప్పుడు చెట్లలోంచి ఒక ముసలి పీత దిగొచ్చింది. దాని గుల్ల అంచులన్నీ విరిగిపోయి ఉన్నాయి. అది శంఖం చుట్టూ తిరిగింది, తడిమింది, లోపలెంత ఉందో కొలుచుకుంది.

చటుక్కున ముసలి పీత శంఖంలోకి మారింది. దాని గుల్లలోకి వెనకది మారింది. దాని గుల్లలోకి ఆ వెనకది. టక్, టక్, టక్, కళ్ళు మూసి తెరిచేలోగా అందరూ ఇళ్ళు మారిపోయారు! చిట్టచివర రేగిపండంత గుల్ల మిగిలింది. మూతవాడు మూత వదిలేసి అందులోకి దూరాడు. ఒళ్ళంతా లోపలికి పట్టింది. చిన్న చెయ్యి అడ్డం పెట్టి తలుపేసుకున్నాడు.

కాకి ఎగిరిపోయింది. ఇసకలో ఉత్త మూత పడుంది. అలివేలుకి సంతోషం పట్టలేనంత ఉంది, తమ్ముడు గుర్తొచ్చి ఏడుపూ ఆగలేదు. మూత తీసి గౌను జేబులో వేసుకుంది.

మర్నాడు ఓడరేవు దగ్గర కొట్లలో శంఖాలు గుట్టలు గుట్టలుగా పోసున్నాయి. "ఏడవకే, ఒకటి కొనిపెడతాను" అన్నాడు నాన్న. అలివేలు ఆ గుట్టలకేసి చూసింది. ఎన్ని ఇళ్ళో! వద్దు నాన్నా అంది.

ఇంటికొచ్చారు. శేషు గుమ్మంలోనే కాచుక్కూచున్నాడు. పొక్కులు మానాయి గానీ మచ్చలింకా పోలేదు.

"అక్కా, నా సముద్రమేదీ?"

అలివేలు మూత తీసి వాడి చేతిలో పెట్టింది. వాడు దాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "ఇది పేస్టు మూత!" అని విసిరికొట్టాడు. మూతి ముడుచుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నానికి కూడా లేవలేదు. అలివేలు వాడి పక్కన కూచుని, జరిగిందంతా గోడకే చెప్పుకుంది.

చాలాసేపటికి గోడవైపు నుంచే అడిగాడు. "ఆ మూతలో వాడు ఇప్పుడెక్కడున్నాడు?"

"రేగిపండంత గుల్లలో."

"అందులో వాడు?"

"ఇంకొంచెం పెద్ద గుల్లలో."

అలా వాడు అడుగుతూనే ఉన్నాడు, అది చెబుతూనే ఉంది.

"మరి ముసలాడు?"

"నీకోసం నేను తీసిన శంఖంలో."

శేషు ఇటు తిరిగాడు. "నా శంఖంలోనా?"

"నీ శంఖంలోనేరా."

వాడు లేచి కూచున్నాడు. మంచం కిందకి దూరి మూత వెతికి తెచ్చుకున్నాడు. తెచ్చుకుని వీధిలోకి ఒకటే పరుగు. "ఒరే, నాకు సముద్రం ఒడ్డున ఇల్లుందిరా! ముసలి పీతని ఉండమన్నానురా!" అని వీధి చివరిదాకా వాడి కేకలే. ఆ పూట వాడికి విడిగా అన్నం పెట్టాల్సొచ్చింది, అంతా తిన్నాడు.

కథేమో కంచికి,
పీతేమో గుల్లకి,
నిద్దరేమో నీ కళ్ళకి,
నేనేమో నా మంచానికి.